ఘాట్‌లో కారు ఆగితే క్రేను డబ్బులు ఎవరివి?

ప్రశ్న: మాది కడప. ఐదేళ్ల కిందట కొన్న పెట్రోలు కారు ఉంది. పోయిన నెల రాయచోటిలో పెళ్లికని సాయంత్రం బయలుదేరాం. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుండగా టెంపరేచర్ ముల్లు పైకి పోయింది, బానెట్‌లోంచి ఆవిరి వచ్చి బండి ఆగిపోయింది. కార్లో మా అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. మా ఆయన ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి ఒక లారీ డ్రైవరు ఎవరిదో నంబరిస్తే, ఆ క్రేను వాళ్లు వచ్చి కడపలో దించి 6,500 తీసుకున్నారు. ఇంటికొచ్చి పాలసీ తీసి చూస్తే అందులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు విడిగా డబ్బు కట్టి ఉన్నాం! బిల్లు పంపితే ‘ముందుగా మాకు ఫోన్ చేయలేదు కాబట్టి ఇవ్వలేం’ అన్నారు. ఆ డబ్బు రాబట్టుకునే దారి ఉందా? దీన్ని వాడుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోతుందని ఒకరన్నారు, నిజమేనా? మా బావ అయితే ‘అదంతా సిటీలోళ్లకమ్మా, మన సీమలో యాడొస్తారు వాళ్లు, రెన్యువల్‌లో తీసేయండి’ అంటున్నాడు. ఇంకొకటి, మా మరిది బెంగళూరులో పాత కారు కొంటున్నాడు. దానికి ఇప్పటికే ఈ కవర్ ఉందట. అది అతనికీ పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, కడప

సమాధానం: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ 6,500 తిరిగి వచ్చే అవకాశం తక్కువ. మీకు తప్పుడు ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

కారణం ఏమిటంటే, మనకు అలవాటైన క్లెయిమ్ పద్ధతి వేరు, ఇది వేరు. కారుకు దెబ్బ తగిలితే బాగు చేయించి బిల్లు పెడతాం, నష్టం అంచనా వేసే సర్వేయర్ చూస్తాడు, డబ్బు వస్తుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో కంపెనీ మీకు అమ్మింది డబ్బు కాదు, మనిషిని పంపే పని. ఆ పని కూడా ఇన్సూరెన్స్ కంపెనీ సాధారణంగా సొంతంగా చేయదు. అలాంటి సేవలందించే ఒక సంస్థతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ సంస్థ ఊళ్లలో ఉన్న క్రేను వాళ్లతో, మెకానిక్‌లతో ఒప్పందం పెట్టుకుంటుంది. మీరు ఫోన్ చేసినప్పుడు ఒక కేసు నంబరు పుడుతుంది. క్రేను అతనికి డబ్బు చేరేది ఆ నంబరు మీదే. మీ కేసులో ఆ నంబరే పుట్టలేదు. అందుకే మీ బిల్లు ఎంత నిజమైనదైనా వాళ్ల లెక్కల్లో దానికి చోటు దొరకడం లేదు.

అయినా ఒక్క పని చేయండి. పాలసీ షెడ్యూల్ అని నాలుగైదు పేజీల కాగితం మీ దగ్గర ఉంటుంది. అందులో యాడ్-ఆన్ కవర్ల కింద, అంటే అసలు పాలసీకి తోడుగా విడిగా డబ్బు కట్టి తీసుకున్నవాటి కింద, ఒక్క వరుస తప్ప ఇంకేమీ కనపడదు. ఆ వరుసకు సంబంధించిన అసలు షరతులు వేరే పత్రంలో ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, లేదా మెయిల్ పెట్టి అడిగితే పంపుతారు. అది తెప్పించుకుని, సొంతంగా ఏర్పాటు చేసుకున్న ఖర్చును తిరిగి ఇచ్చే క్లాజు ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని పాలసీల్లో ఉంటుంది. వాళ్ల మనుషులు లేని ప్రాంతమైతే, ముందుగా అనుమతి తీసుకుని మనమే క్రేను పిలిపించుకుంటే, ఒక పరిమితి దాకా తిరిగి ఇస్తామని రాసి ఉంటుంది. ‘ముందుగా అనుమతి’ అన్న మాట దగ్గరే మీ కేసు ఆగిపోవచ్చు. అయితే పాలసీ ఇచ్చినప్పుడు ఆ షరతుల పత్రం గానీ, సహాయానికి పిలవాల్సిన నంబరు గానీ మీకు అసలు అందలేదనుకోండి, అది మీ వైపు గట్టి పాయింటే. ‘నంబరే ఇవ్వకుండా ఫోన్ ఎందుకు చేయలేదంటే ఎలా?’ అని కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా అడగండి.

అక్కడ కుదరకపోతే బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్ ఉంది, ఫోన్‌లో అయితే 155255. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా బీమా గొడవలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. మన రాష్ట్రానికి ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి. నన్నడిగితే, షరతుల పత్రం, నంబరు రెండూ మీ మెయిల్‌కు వచ్చి ఉంటే మాత్రం ఇంత దూరం పోవద్దు. 6,500 కోసం మీరు పెట్టే ఓపిక విలువ అంతకంటే ఎక్కువ అవుతుంది.

ఇక నో క్లెయిమ్ బోనస్. పోదు. ఆ బోనస్ అనేది సొంత కారు డ్యామేజీ క్లెయిమ్ చేయకుండా గడిపిన ఏడాదులకు ఇచ్చే తగ్గింపు. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై 25, 35, 45 అయ్యి, అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం దాకా పోతుంది. బ్యాటరీ జంప్ స్టార్ట్ చేయించుకోవడం, స్టెప్నీ మార్పించుకోవడం, ఆగిన బండిని మోయించుకోవడం మామూలుగా దాని కిందకు రావు. వీటికి వేరే లెక్క ఉంటుంది, ఏడాదికి ఇన్నిసార్లు అని. చాలా పాలసీల్లో అది నాలుగు. కాకపోతే కారు దేనికో గుద్దుకుని ఆగిపోయి, దాన్ని క్రేను మీద షోరూముకు చేర్చి, బంపర్‌కు క్లెయిమ్ వేస్తే బోనస్ పోతుంది. పోయేది బంపర్ వల్ల, క్రేను వల్ల కాదు. ఈ రెండూ ఒకే రోజు జరుగుతాయి కాబట్టి జనం కలిపేసుకుంటారు. ‘వాడితే బోనస్ పోతుంది, ఎందుకులే సార్’ అని చెప్పే ఏజెంట్లూ ఉన్నారు. వాళ్లలో కొందరికి నిజంగానే తెలియదు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ తేడా తెలియక చాలామంది నష్టపోతారు. యాడ్-ఆన్ ఏదీ లేని మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో (మన కారు నష్టం, ఎదుటివాళ్ల నష్టం రెండూ చూసేది) కూడా క్రేను ఖర్చు కొంత ఉంటుంది. ప్రమాదం జరిగితే, కారును దగ్గరి రిపేరు షాపుకు చేర్చే ఖర్చు కింద ఒక్కో ప్రమాదానికి 1,500 రూపాయల దాకా ఇస్తామని చాలా పాలసీల్లో ఉంటుంది. అది ప్రమాదానికే. రేడియేటర్ లీకై ఆగినా, ఆల్టర్నేటర్ పోయినా, క్లచ్ కాలిపోయినా ఆ పాలసీకి సంబంధం లేదు. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌లు వర్తించవని అందులోనే రాసి ఉంటుంది. ఆ ఖాళీని పూడ్చడానికే ఈ యాడ్-ఆన్ వచ్చింది. ఎదుటివాళ్లకు జరిగే నష్టాన్ని మాత్రమే చూసే ఉత్త థర్డ్ పార్టీ పాలసీ తీసుకున్నవాళ్లకు మాత్రం ఇది మామూలుగా దొరకదు.

అయితే అది కూడా ఎంతవరకు? బండిని చేర్చేవరకు. మీ రేడియేటర్ హోస్ ఖరీదు, కూలెంట్, మెకానిక్ కూలీ అన్నీ మీవే. రోడ్డు మీద అక్కడికక్కడ అయ్యే చిన్న రిపేరుకు మనిషి కూలీ ఉచితం, సామాను ఖర్చు మనది. పెట్రోలు అయిపోతే కొన్ని లీటర్లు తెచ్చి పోస్తారు, కొన్ని పాలసీల్లో ఆ పెట్రోలు డబ్బు మన దగ్గరే తీసుకుంటారు. టైరు పంక్చరైతే మీ స్టెప్నీ వేసి పోతారు. మీ స్టెప్నీలో గాలి లేకపోతే వచ్చిన మనిషి చేసేదేమీ లేదు, చివరికి క్రేను పిలవాలి. నేను చూసినంతలో సగం మంది స్టెప్నీ గాలి పట్టించింది కారు కొన్న రోజేనేమో అనిపిస్తుంది. అనంతపురం, తాడిపత్రి వైపు ఎండాకాలంలో తిరిగేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. గాలి తక్కువున్న టైరు ఆ వేడికి ఇంకా త్వరగా పోతుంది. బ్యాటరీల మాటా అంతే. చలికే చస్తాయనుకుంటారు గానీ వాటి ఆయుష్షును ఎక్కువగా తినేది ఎండే.

ఇప్పుడు ఆ సాయంత్రానికి వద్దాం. మీరు ఫోన్ చేసి ఉంటే ఏం జరిగేదో చెబుతాను. మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుంది.

ముందు మనుషులు. ఘాట్‌లో ఆగిన కార్లో పిల్లల్ని, పెద్దావిడను కూర్చోబెట్టకూడదు. వెనక నుంచి వచ్చే లారీకి మలుపు తిరిగేదాకా మీ కారు కనపడదు. అందరినీ దించి, రోడ్డు అంచుకు అవతల, కారుకు కాస్త దూరంగా నిలబెట్టాలి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, డిక్కీలో ఉండే ఎర్ర త్రికోణం తీసి మలుపుకు అవతలే, వచ్చే బండికి ముందే కనిపించేలా పెట్టాలి. త్రికోణం లేదని రాళ్లు పేర్చేవాళ్లుంటారు, చక్రాల కింద రాళ్లు పెట్టేవాళ్లూ ఉంటారు. తప్పు లేదు. కానీ పోయేటప్పుడు వాటిని అక్కడే వదిలేసి పోతారు చూడండి, అంతకంటే పాపం ఇంకోటి లేదు. రాత్రి బైకు మీద వచ్చేవాడికి ఆ రాయి కనపడదు.

తర్వాత ఫోన్. నంబరు ఎక్కడ వెతకాలి? పాలసీ కాగితంలో, లేదా కంపెనీ యాప్‌లో. ఈ రెండు చోట్లే. గూగుల్‌లో ‘ఫలానా కంపెనీ కస్టమర్ కేర్’ అని కొట్టి, పైన కనిపించిన నంబరుకు చేయకండి. మోసగాళ్లు పెట్టిన నంబర్లు అలాగే తగులుతాయి. ‘రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు పంపండి, లింక్ ఇస్తున్నాం’ అంటారు. ఆ లింకు నొక్కితే ఖాతా ఖాళీ అవుతుంది. చీకట్లో, టెన్షన్‌లో ఉన్న మనిషి దేనికైనా సరే అంటాడు, వాళ్లకు కావాల్సింది అదే. అందుకే నంబరును ఈరోజే మీ ఫోన్లో, మీ ఆయన ఫోన్లో ‘కారు ఆగితే’ అని సేవ్ చేసుకోండి. ఏజెంటు ఎత్తినా ఎత్తకపోయినా పనిలేదు. ఆయనకు చేసినా ఆయన కూడా ఆ నంబరుకే చేయాలి.

ఫోన్ ఎత్తే అమ్మాయి ఎక్కడో ఢిల్లీలోనో, ముంబైలోనో ఉంటుంది. భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి. ఆమె అడిగేవి: బండి నంబరు, పాలసీ నంబరు, ఏమైంది, ఎక్కడున్నారు, బండి దొర్లుతుందా లేదా, ఎంతమంది ఉన్నారు. ‘ఎక్కడున్నారు’ దగ్గరే అందరూ తడబడతారు. మీరు ‘గువ్వలచెరువు ఘాట్‌లో’ అంటే ఆమెకు ఆ ఊరి పాలకోవా తెలియదు, ఊరూ తెలియదు. ‘పిన్‌కోడ్ చెప్పండి మేడమ్’ అంటుంది. ఘాట్‌లో పిన్‌కోడ్ ఎవరికి తెలుసు? అలాంటప్పుడు రెండు మార్గాలున్నాయి. ఒకటి, రోడ్డు పక్కన కిలోమీటరు రాయి చూసి, ‘ఎన్‌హెచ్ 40, కడప నుంచి రాయచోటి వైపు, ఫలానా కిలోమీటరు రాయి దగ్గర, రాయచోటి వైపు పోయే పక్క’ అని చెప్పడం. ఏ వైపు రోడ్డో తప్పకుండా చెప్పాలి. రెండోది, ఫోన్ మ్యాప్‌లో మీరున్న చోట వేలుతో నొక్కి పట్టుకుంటే వచ్చే అంకెలు, వాటిని చదివి చెప్పడం. నెట్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది కాబట్టి ఆ అంకెలు చాలాసార్లు దొరుకుతాయి. లొకేషన్ లింకు పంపుతామంటారు గానీ, నొక్కడానికి సిగ్నల్ ఉండాలిగా. సిగ్నల్ అందకపోతే మలుపు దాటి నడిచిపోయేది ఒక్క మగమనిషే కానివ్వండి, పిల్లల్ని వెంట తిప్పొద్దు.

మాట ముగించే ముందు నాలుగు విషయాలు ఆమె నోట చెప్పించుకోండి: కేసు నంబరు, వచ్చేవాడి ఫోన్ నంబరు, ఎంతసేపట్లో వస్తారు, ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితం. ఆ చివరిది మరీ ముఖ్యం. కొన్ని కంపెనీలు కారు ఆగిన చోటు నుంచి షాపు దాకా దూరాన్నే లెక్కిస్తాయి. కొన్నింటిలో క్రేను తన ఊరి నుంచి బయలుదేరి మళ్లీ తన ఊరు చేరేదాకా లెక్క. రెండో లెక్కలో ఉచిత దూరం ఇట్టే అయిపోతుంది, మిగతాదానికి కిలోమీటరుకు ఇంత అని మన దగ్గర తీసుకుంటారు. ‘ఎక్కువ దూరానికి ఎంత పడుతుందో మెసేజ్ పెట్టండి’ అని అడగండి, పెడతారు. పెట్టకపోతే ఫోన్ చేసిన టైము, ఆమె పేరు రాసి పెట్టుకోండి. ఒకవేళ ‘మా వాళ్లు ఆ ప్రాంతంలో లేరు’ అంటే, ‘అయితే మేమే క్రేను మాట్లాడుకోవడానికి అనుమతిస్తున్నామని మెసేజ్ పంపండి’ అనండి. ఆ ఒక్క మెసేజ్ మీ దగ్గర ఉండుంటే మీరు నాకీ ఉత్తరం రాసేవారు కాదేమో.

క్రేను వచ్చేదాకా బండిని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ‘కాస్త చల్లారింది కదా, ఘాట్ దాటిద్దాం’ అనుకునేవాళ్లు ఇంజిన్ హెడ్ దాకా తెచ్చుకుంటారు. పాలసీలో దీని గురించే ఒక షరతు ఉంది, ఎవరూ చదవరు. ప్రమాదం గానీ బ్రేక్‌డౌన్ గానీ అయ్యాక, రిపేరు చేయించకుండా బండిని నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం పూర్తిగా యజమానిదే అని. ఆగిన బండిని తగిన జాగ్రత్త లేకుండా వదిలేసి పోకూడదని కూడా అందులోనే ఉంటుంది. రేడియేటర్ మూత వేడి మీద తీయడం గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

ట్రాక్టర్‌కో, జీపుకో తాడు కట్టి లాక్కుపోదామని ఎవరో ఒకరు ముందుకొస్తారు. మంచి మనసే, కానీ ఘాట్‌లో వద్దు. ఇంజిన్ ఆగిన కారులో బ్రేకు పెడల్ గట్టిపడి సరిగా తొక్కనివ్వదు, స్టీరింగ్ బరువెక్కుతుంది, దిగుడులో ముందు బండిని గుద్దడం ఖాయం. మీది ఆటోమేటిక్ అయినా, ఎలక్ట్రిక్ కారైనా అసలే కుదరదు. చక్రాలు రోడ్డు మీద దొర్లుతూ లాక్కుపోతే గేర్‌బాక్స్, మోటారు దెబ్బతింటాయి. ఫోన్లోనే ‘ఆటోమేటిక్, ఫ్లాట్‌బెడ్ కావాలి’ అని చెప్పాలి. అంటే కారు మొత్తాన్ని పైకెక్కించుకుని పోయే లారీ. చెప్పకపోతే కొక్కెం క్రేను వస్తుంది, దాన్ని వెనక్కి పంపి ఇంకోటి రప్పించేసరికి రాత్రి గడిచిపోతుంది.

సర్వేయర్‌గా పనిచేసిన రోజుల్లో నేను ఎక్కువగా విన్న గొడవ ‘క్రేనోడు గీతలు పెట్టాడు’ అన్నది. క్రేను వాడేమో ‘ముందే ఉన్నాయి సార్’ అంటాడు. బండి ఎక్కించే ముందు నాలుగు వైపులా, స్పీడోమీటర్ అంకెలు, పెట్రోలు ముల్లు ఫోటోలు తీసుకోండి. డ్యాష్‌బోర్డులోని డబ్బు, కాగితాలు, పెళ్లికి తీసుకుపోతున్న చీరలు, నగలు తీసేసుకోండి. వాళ్లిచ్చే జాబ్ షీట్‌లో బండి ఎలా ఉందో, లోపల ఏమేం ఉన్నాయో రాయించి అప్పుడే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద వద్దు. ముందు బంపర్‌లో చిన్న మూత ఉంటుంది, దాని వెనక లాగే కొక్కెం బిగించే చోటు. ఆ కొక్కెం జాకీ సామానుతో పాటు స్టెప్నీ దగ్గర ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కార్లలో చాలాసార్లు అదే కనపడదు. అది లేకుంటే వాళ్లు ఎక్కడ దొరికితే అక్కడ గొలుసు తగిలిస్తారు, బంపర్ విరుగుతుంది.

ఎక్కడికి చేర్చాలన్నది కూడా మీ ఇష్టం మాత్రమే కాదు. చాలా పాలసీల్లో ‘దగ్గరలోని సరైన వర్క్‌షాపు’ అని ఉంటుంది. హిందూపురం, పెనుకొండ వాళ్లు కారు సర్వీసు బెంగళూరులో చేయించుకుంటారు కాబట్టి అక్కడికే తీసుకుపొమ్మంటారు. దగ్గరలో షాపు ఉండగా అంత దూరం ఉచితంగా మోయరు. మీ కేసులో కడపే దగ్గర, ఆ చిక్కు లేదు.

ఇక మీ బావ మాట. పూర్తిగా కొట్టిపారేయలేను. సిటీలో అరగంటలో వచ్చే మనిషి మన దగ్గర రెండు మూడు గంటలు పట్టొచ్చు. కర్నూలు, కడప, అనంతపురం చుట్టుపక్కల, 44వ నంబరు హైవే మీద పర్వాలేదు. గుత్తి నుంచి తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా పోయే దారిలో రాత్రిపూట ఓపిక కావాలి. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా నల్లమలలో పడ్డారంటే, సిగ్నల్ కూడా దొరకదు కాబట్టి ఏ కవర్ అయినా కాగితమే. అటు శ్రీశైలం పోయేవాళ్లు పొద్దుండగానే అడవి దాటేలా బయలుదేరడం మంచిది.

కానీ మీ బావకు తెలియనిది, లేదా తెలిసినా గుర్తుకు రానిది ఒకటుంది. 1033. నేషనల్ హైవే హెల్ప్‌లైన్, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఇన్సూరెన్స్‌తో సంబంధం లేదు. కర్నూలు నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు పోయే దారిలో అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ గేట్లు దాటుతూ డబ్బు కడతాం కదా, ఆ టోల్ దారుల్లో పెట్రోలింగ్ బండి, అంబులెన్సు, క్రేను ఉంచాల్సిన బాధ్యత నిర్వహించేవాళ్లదే. బండి రోడ్డుకు అడ్డంగా ఆగిపోతే ముందు దానికే చేయండి. వాళ్ల క్రేను మీ బండిని ప్రమాదం లేని చోటికి తప్పిస్తుంది. మీ షోరూముకు చేర్చడం వాళ్ల పని కాదు, అక్కడి నుంచి ఇన్సూరెన్స్ వాళ్లది. ఎవరికైనా దెబ్బలు తగిలితే 108, లేదా 112. కారు తర్వాత.

ప్రమాదమే అయితే ఇంకో జాగ్రత్త. పిలవకుండానే ఒక క్రేను వచ్చి నిలబడుతుంది. మంచివాళ్లే ఎక్కువ, కానీ కొందరు గొలుసు తగిలించాక రేటు చెబుతారు, తమకు తెలిసిన షెడ్డుకు తీసుకుపోయి రోజుకింత పార్కింగ్ అంటారు. తగిలించకముందే ఎక్కడికి, ఎంతకు అని తేల్చుకోండి, రసీదు అడగండి. బండిని కదిపే ముందు ఫోటోలు తీసి కంపెనీకి క్లెయిమ్ సమాచారం ఇవ్వండి. మూడో మనిషికి దెబ్బలు తగిలిన కేసైతే పోలీసులు వచ్చేదాకా కదపనే కదపకండి, రోడ్డు మీద మరో ప్రమాదం ముంచుకొస్తేనో, ఎవరినైనా ఆసుపత్రికి చేర్చాల్సి వస్తేనో తప్ప.

రెన్యువల్‌లో తీసేయాలా అంటే, నా అభిప్రాయం ఉంచమనే. దీని ప్రీమియం సాధారణంగా వంద రూపాయల నుంచి కొన్ని వందల లోపే, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఒక్కసారి గువ్వలచెరువు నుంచి కడపకు మోయిస్తే ఏళ్ల ప్రీమియం తిరిగొచ్చినట్టే. అయిదేళ్లు దాటిన బండికి హోసులు, బ్యాటరీ, బెల్టులు ఒక్కొక్కటే మొదలవుతాయి, ఇప్పుడు తీసేయడం తెలివైన పని కాదు. తీసేయాల్సిన సందర్భం ఒకటే ఉంది. కొత్త కార్లకు, ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్న కార్లకు తయారీ కంపెనీయే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఇస్తుంది. అది నడుస్తుండగా ఇంకోటి కొనడం దండగ. మీ కారుకు వారంటీ ఎప్పుడు ముగిసిందో సర్వీసు సెంటర్‌లో అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు. ఉంచుకుంటే మాత్రం రెన్యువల్‌కు ముందు ఏజెంటును ఈ నాలుగు అడగండి: ఉచిత దూరం ఎంత, రానూపోనూ లెక్కా ఒకవైపు లెక్కా, ఇంటి ముందు ఆగినా వస్తారా, కొన్ని పాలసీల్లో ఇంటి దగ్గర వర్తించదు, రాత్రి ఆగిపోతే టాక్సీ, లాడ్జి ఖర్చు ఇస్తారా. మీకు పిల్లలు, అత్తమ్మ ఉన్నారు కాబట్టి ఆ చివరిది ఉన్న ప్లాను కాస్త ఎక్కువైనా మేలు. తెల్ల బోర్డు కారును బాడుగకు ఇచ్చే అలవాటు ఎవరికైనా ఉంటే, అలాంటి ట్రిప్పులో ఆగితే ఏ కవరూ ఆదుకోదని కూడా గుర్తుపెట్టుకోండి.

చివరగా మీ మరిది. పాత యజమాని పాలసీలో ఉన్న థర్డ్ పార్టీ భాగం కారుతో పాటు చట్టప్రకారం అతనికి వచ్చేస్తుంది. సొంత డ్యామేజీ భాగం, దానికి అతుక్కున్న రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అలా రావు. కారు చేతులు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి పాలసీని తన పేరుకు మార్పించుకోవాలి. మార్పించుకోకుండా హైవే మీద ఆగి ఫోన్ చేస్తే, వాళ్లు పలికే మొదటి పేరు పాత యజమానిది. నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత యజమానితోనే పోతుంది, కాబట్టి ప్రీమియం తేడా కట్టమంటారు, కట్టేయమనండి. కర్ణాటక నంబరు బండిని ఇక్కడే ఉంచుకుంటే ఏడాది లోపల మన రాష్ట్రానికి మార్చాలి, నంబరు మారగానే ఆ సంగతి కూడా కంపెనీకి చెప్పాలి. కొనేముందే పాలసీ కాపీ చూసి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో, ఈ ఏడాది ఎన్నిసార్లు వాడేశారో అడగమనండి. నాలుగుసార్లకు నాలుగూ వాడేసిన బండి అయితే, ఎందుకు అన్నిసార్లు ఆగిందో కూడా అడగాల్సిందే.